పై గది పని జరుగుతుండగా పాపకి లెక్కలు, సైన్స్ ఎలా చెప్పాలి?

మీరు అడిగింది ఇది: పాలకొల్లు దగ్గర ఊరు, పాప ఏడో తరగతి. లెక్కల పుస్తకం తీస్తే టెన్షన్. మంచం ఎటు జరపాలి, కర్టెన్ ఏ రంగైతే బాగుంటుంది అంటే మాత్రం పొద్దంతా బొమ్మలు గీస్తూ కూర్చుంటుంది. డాబా మీద పాప కోసమే గది వేశారు. గోడలకి ప్లాస్టరింగ్ అయింది, ఫ్లోరింగ్, రంగులు, అలమరా మిగిలాయి. ఈ పనితోనే బడి పాఠాలు చెప్పొచ్చా, చెబితే ఎక్కడ మొదలుపెట్టాలి, మార్కులు పెరుగుతాయా అని.

చెప్పొచ్చు. నేను కొన్నేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఆ తర్వాత నుంచి అమలాపురం చుట్టుపక్కల ఇళ్లకి ఇంటీరియర్ పనులు చేయిస్తున్నాను. సెలవులొస్తే ఆ ఇళ్ల పిల్లలు మా పని దగ్గరే తిరుగుతుంటారు. వాళ్లని చూస్తూ నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. పిల్ల వేసిన లెక్క ప్రకారం నిజంగా సరుకు రావాలి. తను చెప్పిన కొలతకే చెక్క తెగాలి. అలా అయితేనే ఆ లెక్క బుర్రకెక్కుతుంది. ఉత్తుత్తి గదికి ఉత్తుత్తి ప్లాన్ గీయిస్తే అది ఇంకో హోంవర్క్, అంతే. కాబట్టి గది మొత్తం పాప చేతిలో పెట్టలేకపోయినా పర్వాలేదు. ఒక గోడ రంగు, ఒక కిటికీ కర్టెన్, చదువుకునే మూల, వీటికి ఇంత డబ్బు అని విడిగా తీసి, ఆ మేరకు నిర్ణయం పూర్తిగా తనకి వదిలేయండి. మీకు నచ్చని రంగు ఎంచుకున్నా సరే, ఆ గోడకి అదే వేయించండి.

మొదటి పని కొలత. టేపు తన చేతికిచ్చి గది నాలుగు గోడలూ, తలుపూ, కిటికీలూ కొలిపించండి. కాగితం మీద 20కి 1 స్కేలులో గీయమనండి, అంటే నిజం మీటరుకి కాగితం మీద 5 సెంటీమీటర్లు. మంచం, బల్ల, అలమరా అదే స్కేలులో అట్టముక్కలుగా కత్తిరించి ప్లాన్ మీద జరుపుకుంటే నిష్పత్తి అనే పాఠం ఆటలో కలిసిపోతుంది. తలుపు తెరుచుకునే మేర కూడా గీయించండి, అది పావు వృత్తం. మంచం అట్టముక్క ఆ పావు వృత్తం మీదకి వచ్చిందంటే తలుపు మంచానికి తగులుతుందని తనే కనిపెడుతుంది.

గోడలు కొలిచాక మూలలు కూడా కొలిపించండి. మీ గది 12కి 10 అడుగులు అనుకుందాం. మూలలు సరిగ్గా లంబకోణాలైతే రెండు కర్ణాలూ సమానంగా ఉండాలి, ఒక్కోటీ 15 అడుగుల ఏడున్నర అంగుళాలకి కాస్త అటూ ఇటూగా రావాలి. 12 వర్గం 144, 10 వర్గం 100, కలిపితే 244, దాని వర్గమూలం 15.62. రెండు కర్ణాలకీ తేడా వచ్చిందంటే గది మూల తప్పిందన్నమాట, చాలా ఇళ్లలో ఎంతో కొంత తప్పుతుంది కూడా. తాపీ మేస్త్రి మూలమట్టం చాలని చోట గోడ మీద 3 అడుగులకొక గుర్తు, పక్క గోడ మీద 4 అడుగులకొక గుర్తు పెట్టి, వాటి మధ్య 5 అడుగులు వచ్చిందా అని చూస్తాడు. పైథాగరస్ పేరు ఆయన విని ఉండకపోవచ్చు, సిద్ధాంతం మాత్రం రోజూ వాడుతున్నాడు. పాప పక్కన నిలబడి ఆ పని చూడాలి. బోర్డు మీద త్రిభుజం వందసార్లు గీసినా ఆ నమ్మకం రాదు.

ఇక టైల్స్. ఈ మొత్తం పనిలో లెక్కలకి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు, అందుకే ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

ముందు పాపని మామూలుగా లెక్కేయమనండి. గది 12 × 10, టైల్ 2 × 2 అడుగులు. అటు ఆరు, ఇటు ఐదు, మొత్తం 30 టైల్స్. లెక్క చక్కగా కుదిరిపోయింది కదా అని సంతోషపడుతుంది, పడనివ్వండి. తర్వాత షాపు నుంచి ఒక టైల్ శాంపిల్ తెచ్చి మిల్లీమీటర్ల స్కేలుతో కొలవమనండి. దాని మీద 600 ఉంటుంది. రెండడుగులంటే 609.6 మిల్లీమీటర్లు. మనం 2 × 2 అని పిలుస్తాం గాని, ఫ్యాక్టరీ దాన్ని 600 × 600గా చేస్తుంది. ఇప్పుడు మళ్లీ లెక్కేయాలి. 12 అడుగులంటే 3,658 మిల్లీమీటర్లు, ఆరు టైల్స్ 3,600. అంటే ఒక చివర 58 మిల్లీమీటర్ల సందు మిగిలింది. 10 అడుగుల వైపు 3,048కి ఐదు టైల్స్ 3,000, ఇంకో 48 మిగిలింది. రెండు గోడల వెంబడి సుమారు రెండంగుళాల పట్టీ. (టైల్‌కీ టైల్‌కీ మధ్య జాయింట్ వదులుతారు, అది రెండు మిల్లీమీటర్లే కాబట్టి ప్రస్తుతానికి పక్కన పెట్టండి.)

అలా సన్నటి ముక్కలు వేస్తే చూడ్డానికి బాగుండదు, గుమ్మంలో అడుగుపెట్టగానే అవే కనిపిస్తాయి. అప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, ఆ పట్టీని అలమరా కిందకో మంచం వెనక్కో పోయేలా ఎదుటి మూల నుంచి మొదలుపెట్టడం. రెండోది, మధ్యలో నిండు టైల్స్ పేర్చి, రెండు చివరలా సమానమైన ముక్కలు వేయడం. రెండో దారిలో 12 అడుగుల వైపు ఐదు నిండు టైల్స్, చివరల్లో 329 చొప్పున రెండు ముక్కలు. 10 అడుగుల వైపు నాలుగు నిండువి, చివరల్లో 324 చొప్పున రెండు. మొత్తం ఏడు వరసలు ఆరేసి, 42 ముక్కలు. ప్రతి ముక్కా సగం టైల్ కంటే పెద్దది కాబట్టి ఒక టైల్ నుంచి రెండు రావు. అంటే 42 టైల్స్ కావాలి. మొదటి దారిలో 30, పైన పట్టీలకి ఓ రెండు, మొత్తం 32 చాలు.

ఇక్కడికి వచ్చాక పాప "మొదటిదే చవక" అంటుంది. అప్పుడు స్కర్టింగ్ గుర్తుచేయండి, అంటే గోడల అడుగున చుట్టూ వేసే టైల్ పట్టీ. గది చుట్టుకొలత 44 అడుగులు, తలుపు 3 పోతే 41, అంటే 12 మీటర్లన్నర. నాలుగంగుళాల ఎత్తు స్కర్టింగ్‌కి 600 పొడవున్న పట్టీలు 21 పడతాయి. మొదటి దారిలో దీనికి కొత్త టైల్స్ కోయాలి. బ్లేడు తినేది పోగా ఒక టైల్‌కి ఐదు పట్టీలు, అంటే ఐదు టైల్స్. 32కి 5 కలిస్తే 37. రెండో దారిలో అంచుల కోసం కోసిన టైల్స్‌లో 271, 276 మిల్లీమీటర్ల వెడల్పు ముక్కలు మిగిలిపోతాయి. నాలుగు మూలల్నీ వదిలేస్తే అలాంటివి 18. ఒక్కోదాన్నుంచి రెండేసి పట్టీలు, 36. స్కర్టింగ్ మొత్తం వాటిలోనే వచ్చేసింది. ఈ సైజు టైల్స్ పెట్టెకి నాలుగు చొప్పున వస్తాయి. 37కి పది పెట్టెలు, 42కి పదకొండు. ఒక్క పెట్టె తేడాతో గది అందంగా వస్తుంది.

వైశాల్యం, యూనిట్లు మార్చడం, దశాంశాలు, శేషం, పై పూర్ణాంకానికి సవరించడం, ఇన్నీ ఆ ఒక్క నేల మీదే ఉన్నాయి. పుస్తకంలో "ఎన్ని పలకలు కావలెను" అనే లెక్క ఎప్పుడూ శేషం లేకుండా తెగుతుంది, అందుకే పిల్లలకి అది నిజంలా అనిపించదు. ఆర్డర్ ఇచ్చేముందు న్యూస్‌పేపర్‌ని 60 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరించి నేల మీద పరిపించండి. లెక్క తప్పితే కాగితం దగ్గరే తెలిసిపోతుంది, డబ్బు పోదు. మీరు సరిచూసుకోండి గాని తప్పు ఎక్కడుందో నోరు జారి చెప్పకండి. కాగితాలు సరిపోకపోతే తనే వెతుక్కుంటుంది. పగిలేవాటికని ఓ పెట్టె అదనంగా తీసుకోవాలా వద్దా అన్నది మేస్త్రిని అడిగి తేల్చుకోమనండి.

బిల్లు కూడా పాప చేతికే ఇవ్వండి. టైల్స్ మీద జీఎస్టీ 18 శాతం. షాపువాళ్లు పది శాతం తగ్గిస్తామంటే, ముందు తగ్గించి పన్ను వేస్తే మనకి లాభమా, పన్ను వేశాక తగ్గిస్తేనా అని అడగండి. పది వేలకి ముందు తగ్గిస్తే 9,000, దాని మీద పన్నుతో 10,620. ముందు పన్ను వేస్తే 11,800, అందులో పది శాతం తీస్తే మళ్లీ 10,620. ఎందుకలా సమానంగా వచ్చిందని ఆలోచిస్తే గుణకారంలో వరస మార్చినా ఫలితం మారదన్న నియమం దొరుకుతుంది. పెద్దవాళ్లలో కూడా చాలామంది ఇందులో తడబడతారు.

రంగుల లెక్క దీని ముందు సులువు. నాలుగు గోడల వైశాల్యంలోంచి తలుపు, కిటికీలు తీసేయడం, డబ్బా మీద లీటరుకి ఎన్ని చదరపు అడుగులని రాశారో చదివి భాగించడం, 1, 4, 10 లీటర్ల డబ్బాల్లో ఏవి కలిపి కొంటే తక్కువ మిగులుతుందో చూడటం. అలమరాకైతే 8 × 4 ప్లైవుడ్ షీట్‌ని గ్రాఫ్ కాగితం మీద గీసి, తలుపులూ అరలూ అందులో తక్కువ వృథాతో ఎలా ఇమడతాయో పేర్పించండి. కోత కోసే వడ్రంగికి ఆ కాగితమే ఇవ్వండి.

సైన్స్‌కి మన ప్రాంతంలో ఇల్లే ల్యాబ్. ముందు వెలుగు సంగతి. పాలకొల్లు అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు. అందువల్ల మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా వెళతాడు. మిగతా ఏడాదంతా దక్షిణంగానే ఉంటాడు. డిసెంబరు చివర్లో మధ్యాహ్నం దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడకి కాస్త తూర్పుగా పోతుంది కాబట్టి, మన గడియారంలో పన్నెండుకీ అసలు మధ్యాహ్నానికీ పెద్ద తేడా ఉండదు. మీ గదికి దక్షిణం కిటికీ ఉండి దాని మీద రెండడుగుల సన్‌షేడ్ ఉంటే, మార్చి 21 ప్రాంతంలో మధ్యాహ్నం నీడ నాలుగడుగుల కిటికీ మొత్తాన్నీ కప్పేస్తుంది. డిసెంబరులో నీడ 2.4 అడుగుల దాకానే దిగుతుంది, కింద అడుగున్నర మేర ఎండ లోపలికి వస్తుంది. ఏడో తరగతికి త్రికోణమితి రాదు, అవసరం కూడా లేదు. కోణమానిని, స్కేలు పెట్టి కాగితం మీద గీస్తే అదే కొలత వస్తుంది. వారానికోసారి పన్నెండింటికి నేల మీద ఎండ పడిన మేర సుద్దముక్కతో గీసి తేదీ వేయమనండి. ఫ్లోరింగ్ అయ్యేదాకా గచ్చు మీద ఎలా గీసినా ఎవరూ ఏమీ అనరు. చదువుకునే బల్ల ఎటు వేయాలో ఆ గీతలు చూసి తనే చెబుతుంది.

తర్వాత వేడి. డాబా మీద గదికి వేసవిలో శ్లాబే పెద్ద సమస్య. పైన సున్నం వేయించండి, దానికి ముందూ తర్వాతా ఒకే టైముకి గదిలో థర్మామీటరు చూసి పాప రాసుకోవాలి. ఎండ ఒకేలా కాసిన రోజుల్నే పోల్చుకోవాలని చెప్పండి. ప్రయోగంలో ఒక్కటి మాత్రమే మారాలి, మిగతావి మారకూడదన్న నియమం ఇక్కడే తెలుస్తుంది.

సున్నం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. సముద్రం పక్కనున్న మనకి గుల్ల సున్నం పాత పరిచయం. గుల్లంటే కాల్షియం కార్బనేటు. బట్టీలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే భగ్గున వేడెక్కి తడి సున్నం అవుతుంది. గోడకి పూశాక గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా తీసుకుని, కొద్ది రోజుల్లో మళ్లీ కాల్షియం కార్బనేటుగా గట్టిపడుతుంది. అంటే సముద్రంలో పురుగు కట్టుకున్న గుల్ల ఏ పదార్థమో, చివరికి మన గోడ మీద మిగిలేదీ అదే పదార్థం. పదో తరగతి రసాయన శాస్త్రంలో ఈ సమీకరణం వస్తుంది. అప్పటిదాకా ఆగనక్కర్లేదు, ఇప్పుడు కథగా చెప్పండి చాలు. నీళ్లు పోసే పని మాత్రం పెద్దవాళ్లే చేయాలి. కంట్లో పడితే కన్ను పోయే ప్రమాదం ఉంది.

చెమ్మ పాఠానికి పై గది పనికిరాదు, కిందకి తీసుకురండి. కింద గోడల అడుగున రంగు పొరలుగా లేచి, తెల్లటి పొడి పొంగిన చోటు మన ఊళ్లలో ప్రతి ఇంట్లో ఉంటుంది. ఒక పళ్లెంలో సిరా కలిపిన నీళ్లు పోసి ఎండు ఇటుక ముక్క నిలబెట్టండి. నీలం పైకి ఎక్కుతుంది. ఇటుకలోని సన్నటి రంధ్రాల గుండా నీరు పైకి పాకుతుంది, నీటితోపాటు కరిగిన లవణాలూ వస్తాయి, పైన నీరు ఆరిపోయాక లవణం తెల్లగా మిగులుతుంది. ఇక్కడి నుంచి సోషల్‌లోకి వెళ్లిపోవచ్చు. మన దగ్గర కొద్దిగా తవ్వితేనే నీళ్లు ఎందుకు పడతాయి? గోదావరి తెచ్చి పోసిన మట్టి, ఏడాదిలో ఎక్కువ నెలలు పారే కాలువలు. ఆ కాలువలకి మూలం కాటన్ హయాంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట. మనకి మూడు పూటలా అన్నం పెట్టిన నీరే గోడల్లో చెమ్మగా కూడా ఎక్కుతోంది. పాతవాళ్లు ఇంటి పునాది అంతెత్తున లేపి అరుగులు ఎందుకు కట్టారో పాపే చెప్పనీయండి.

సోషల్‌కి ఇంకో మంచి పని, గదిలోకి వచ్చిన ప్రతి వస్తువూ ఎక్కడిదో మ్యాప్ మీద గుర్తు పెట్టడం. టైల్స్ గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చి ఉండొచ్చు, సామర్లకోట నుంచి కూడా రావొచ్చు, పెట్టె మీద చూడండి. అర బండకి కడప రాయి. గుమ్మం ముందు పట్టా కోనసీమ కొబ్బరి పీచుది. దిండు గలీబుకి నరసాపురం లేసు దొరికితే ఇంకా మంచిది. ఆ లేసులో ఒకే పువ్వు ఎన్ని డిగ్రీలు తిప్పితే మళ్లీ అలాగే కనిపిస్తుందో చూస్తే భ్రమణ సౌష్ఠవం అర్థమవుతుంది. వాకిట్లో చుక్కల ముగ్గు కూడా అదే పాఠం చెబుతుంది.

ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే, వాళ్లు పుట్టి పెరిగిన ఇంటి ప్లాన్ అడిగి గీయించండి. మండువా ఎక్కడ, వాన నీళ్లు ఎటు పోయేవి, తాటి దూలాలా, టేకు దూలాలా, ఒకప్పుడు గోదావరి మీద తెప్పలుగా కట్టి అడవుల నుంచి తెచ్చిన కలప వాళ్లింట్లో ఉండేదా, 1996 నవంబరు తుఫానులో ఏ భాగం నిలిచింది, ఏది ఎగిరిపోయింది. పాప అడిగిన ప్రశ్నలూ, వచ్చిన జవాబులూ తెలుగులో రెండు పేజీలు రాయిస్తే వ్యాసరచన అయిపోయినట్టే. ఇలా రాసిన వ్యాసాల్లో గైడు వాసన ఉండదు, అది నేను చాలామంది పిల్లల దగ్గర చూశాను.

ఇప్పుడు మార్కుల సంగతి. కొలతలు, నిష్పత్తి, శాతాలు, చుట్టుకొలత, వైశాల్యం పాఠాల్లో తేడా కనిపిస్తుంది. పూర్ణసంఖ్యల గుర్తులు, బీజగణితం, ఇంగ్లీషు వ్యాకరణం ఈ గదిలో దొరకవు, వాటికి రోజూ అరగంట పుస్తకం పట్టాల్సిందే. దొరకనిదాన్ని బలవంతంగా గదిలోంచి లాగితే పాపకి గది మీద ఉన్న ఇష్టం కూడా పోతుంది. దొరికేవాటికి వరస ముఖ్యం. ముందు గదిలో పని, అదే రోజు సాయంత్రం పుస్తకంలో ఆ అధ్యాయం తీసి నాలుగు లెక్కలు. పుస్తకం ముందు, గది తర్వాత పెడితే గది కూడా ట్యూషనైపోతుంది. రోజుకి ఒక్క విషయం చాలు. కర్టెన్ గుడ్డ ముట్టుకుని మురిసిపోతున్నప్పుడు మీటరెంత, ఎన్ని మీటర్లని వెంటపడకండి.

మేస్త్రితో ముందే మాట్లాడుకోండి. పొద్దున పని మొదలయ్యేముందు ఓ అరగంట పాప వస్తుందని, కోత మెషీన్ ఆన్ చేశాక ఆ దుమ్ములో ఉండదని చెప్పండి. ఆ అరగంటలో నీళ్లు నింపిన లెవెల్ ట్యూబ్ ఒక చివర పాపకిచ్చి, రెండో చివర ఆయన పట్టుకుని ఎదుటి గోడకి వెళ్లమనండి. రెండు గోడల మీదా నీళ్లు నిలిచిన చోట పాప పెన్సిలుతో గీత పెట్టాలి. స్కర్టింగ్ పై అంచు ఆ గీత నుంచే కిందికి కొలిచి వేయమనండి.